పంతొమ్మిది నిమిషాలు

మంగళవారం ఉదయం తారాదేవి ఆఫీసుకు వచ్చేసరికి ఆమె కీబోర్డు మీద రెండు కాగితాలున్నాయి. వాటి పైన ఒక పసుపు చీటీ. చదివి సంతకం పెట్టమనీ, పదింటికి పంపాలనీ ఉంది దాని మీద. మేనేజరు రేమండ్ కోహ్ అక్షరాలు కుడివైపుకి వాలి, ఎక్కడికో తొందరగా పోతున్నట్టు ఉంటాయి.

భుజానికున్న బ్యాగు తీయకుండానే చదవడం మొదలుపెట్టింది. సోమవారం మధ్యాహ్నం, తమ కస్టమరైన బుకింగ్ కంపెనీకి కంటైనర్ల బుకింగ్ నడిపే సర్వరుకి నెట్‌వర్క్ తెగిపోయింది. నలభై ఏడు నిమిషాలు. ఆ సేపంతా యార్డు గేటు దగ్గర లారీలు నిలిచిపోయాయి. కారణం: సర్వర్ గదిలో కొత్త కేబుళ్ళు లాగుతున్న కాంట్రాక్టు కూలీ అజాగ్రత్తగా పాత కేబుల్ ఊడదీయడం. సర్వరు తన పనులు రాసుకునే లాగ్ ప్రకారం కేబుల్ ఊడింది రెండు నలభై మూడుకి. గది తలుపు రికార్డు ప్రకారం కూలీ లోపలికి వెళ్ళింది రెండు ముప్ఫై ఒకటికి, బయటికి వచ్చింది రెండు యాభై రెండుకి. కూలీ పేరు సాయిబాబు. అతని వర్క్ పర్మిట్ రద్దు చేసి శనివారం ఇండియా పంపించెయ్యడానికి కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు.

కింద రెండు సంతకాలకు చోటుంది. ఒకటి రేమండ్ పెట్టేశాడు. రెండోది సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ పెట్టాలి.

తార పెన్ను తీసింది. మూత తీశాక, రెండు నలభై మూడు అన్న అంకె దగ్గర ఆగింది. అది మైనా చెప్పే టైము.

ఆ కంపెనీలో పదకొండు లినక్స్ సర్వర్లున్నాయి. తార కంటే ముందున్న వాడెవడో వాటికి పిట్టల పేర్లు పెట్టి వెళ్ళాడు. బుకింగ్ నడిచేది మైనా మీద. ప్రతి కంప్యూటరు లోపలా ఒక చిన్న గడియారం ఉంటుంది, ఎవరూ సరిచెయ్యకపోతే అది రోజుకు కొన్ని సెకన్లు జారిపోతూ ఉంటుంది. రెండువేల సంవత్సరం వచ్చేస్తోందని ప్రపంచమంతా తేదీల గురించి వణికిన ఆ రోజున పదకొండు గడియారాలనూ చేత్తో దిద్దారు. ఆ తర్వాత ఏడు నెలలుగా ఎవరూ ముట్టుకోలేదు. వాటంతట అవే టైము దిద్దుకునే ఏర్పాటు చెయ్యాలని తార తన పనుల జాబితాలో రాసుకుంది. ప్రతి నెలా ఆ పంక్తి ఒక మెట్టు కిందికి దిగింది. ఈలోగా ఆమెకు వేరే అలవాటయింది. కోయిల ఏడు నిమిషాలు వెనక, మైనా పంతొమ్మిది. లాగ్ చదివేటప్పుడు మనసులోనే కలిపేసుకుంటుంది. కుంటి మనిషి పక్కన నడిచేవాళ్ళు తెలియకుండానే అడుగు తగ్గించినట్టు.

ఈ కూడిక ఆమె తలలో తప్ప ఇంకెక్కడా లేదు.

ఆమె కూర్చుని మైనాలోకి వెళ్ళి, లాగ్ ఫైల్లోంచి లింక్ అన్న మాట ఉన్న పంక్తులన్నీ ఏరి చూపించమంది. రెండు నలభై మూడుకి తెగింది. మూడున్నరకి అతికింది. ఆ అతికించింది తనే. సర్వర్లు పేర్చిన ర్యాక్ వెనక వంగి, సగం ఊడి ఉన్న ప్లగ్గును లోపలికి నొక్కి లేచినప్పుడు గోడ గడియారం నాలుగుకి పది చూపించింది. తర్వాత కోయిల లాగ్ తెరిచింది. నిమిషానికోసారి మైనాను పలకరించి, జవాబు వచ్చిందో లేదో రాసిపెట్టడం కోయిల పని. అది మైనా పలకలేదని మొదటిసారి రాసుకున్న సమయం రెండు యాభై అయిదు. దానికి ఏడు కలిపితే మూడు గంటల రెండు నిమిషాలు. మైనా టైముకు పంతొమ్మిది కలిపినా మూడు గంటల రెండు నిమిషాలే. రెండు తప్పు గడియారాలు ఒకే మాట చెప్పాయి.

మూడుంబావు అయ్యేదాకా కస్టమర్ల నుంచి ఒక్క ఫోనూ ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. అప్పటికి కేబుల్ ఊడి ఎంతోసేపు కాలేదు గనుక.

సాయిబాబు బయటికి వచ్చిన పది నిమిషాల తర్వాత ఊడింది.

అతన్ని రెండు వారాలుగా చూస్తోంది. సన్నటి మనిషి, శ్రీకాకుళం వైపు వాడు. కేబుళ్ళను కట్టలుగా కట్టి, ప్లాస్టిక్ బిగింపుల తోకలు ఒకే పొడవులో కత్తిరిస్తాడు. కత్తిరించిన ముక్క కింద పడితే వెతికి జేబులో వేసుకుంటాడు. ఒకసారి మీది ఏ ఊరని అతను అడిగితే, తెనాలి అని చెప్పి స్క్రీన్ వైపు తిరిగిపోయింది. అంతకు మించి మాటల్లేవు.

*

రేమండ్ ఆమె చెప్పిందంతా విన్నాడు. మధ్యలో అడ్డురాలేదు. అద్దాలు తీసి టై కొసతో తుడుచుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఆమె జ్వరంతో పడుకున్నప్పుడు వాళ్ళావిడ చేత గంజి చేయించి, ఆమె అద్దెకున్న గదికి తెచ్చి ఇచ్చినవాడు.

అయితే బుకింగ్ కంపెనీకి ఏం చెబుదామంటావని అడిగాడు. మీ లారీలు లోపలికొచ్చిన టైము, బయటికెళ్ళిన టైము ఏడు నెలలుగా పంతొమ్మిది నిమిషాలు తప్పుగా రాశామని చెబుదామా? ఆలస్యం రుసుములన్నీ ఆ టైము మీదే వేస్తారు కదా. చెప్పాక మనకు ఆ కస్టమరుంటాడా? గడియారాల బాధ్యత ఎవరిదని వాళ్ళడిగితే ఏం చెప్పాలి?

"నాది" అంది తార.

"మరి! నేను నిన్ను కాపాడుతున్నా. నీకు అర్థం కావట్లేదు."

"ఆ కుర్రవాడు తియ్యలేదు రేమండ్."

"సరే, తియ్యలేదు. వాళ్ళు ఇంకొకణ్ణి పంపిస్తారు. వాడికీ ఇల్లుంది, వాడికీ పని కావాలి. లెక్క సమానం."

తార కాగితాలను అతని బల్ల మీద పెట్టింది. సంతకం చెయ్యనని చెప్పింది. ఆ మాట చెబుతున్నప్పుడు తన గొంతు నిలకడగా ఉండటం తనకే నచ్చింది. చిన్నప్పుడు పరీక్షలో తప్పు ప్రశ్న ఇచ్చారని లేచి చెప్పినప్పుడు కూడా ఇలాగే ఉండేది.

రేమండ్ నిట్టూర్చాడు. సాయిబాబు కూడా సంతకం పెట్టనంటున్నాడని చెప్పాడు. తప్పు ఒప్పుకుంటున్నట్టు కాంట్రాక్టరు ఒక ఉత్తరం రాసిస్తే, మూడుసార్లు తోసేశాడట. అందుకే శుక్రవారం బుకింగ్ కంపెనీ ఆవిడ స్వయంగా వస్తోంది. వాడికి ఇంగ్లీషు రాదు కాబట్టి, తారే కూర్చుని వాడి మాటలు చెప్పాలి. అంతదాకా ఈ గొడవ పెంచొద్దన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఇవాళే, ఇప్పుడే పదకొండు గడియారాలూ సరిచేసెయ్యాలి. ఎవరూ అడగకముందే.

తార తన సీటుకు వెళ్ళింది. ఎంత తేడా ఉండేదో గడియారాలు దిద్దాక ఎవరూ రుజువు చెయ్యలేరని అతను అనుకుంటున్నాడు. సర్వర్లతో రోజూ మెలిగేవాడయితే అలా అనుకోడు. ఆమె బయటి టైము సర్వరును అడిగి మైనాను దిద్దమని ఆజ్ఞ ఇచ్చింది. అది ఆజ్ఞ పాటించింది, పాటించి తను చేసిన పనిని లాగ్‌లో రాసుకుంది: గడియారం ముందుకు జరిపాను, తేడా 1144 సెకన్లు. పంతొమ్మిది నిమిషాల నాలుగు సెకన్లు. ఆ ఒక్క పంక్తినీ ప్రింటు తీసింది. మేనేజరు చెప్పిన పని చెప్పినట్టు చేశానని ఎవరి ముందైనా చెప్పవచ్చు. ప్రింటరు లోంచి కాగితం వెచ్చగా వచ్చింది. మడిచి బ్యాగులో పెట్టుకుంటూ, తనలో ఒక చిన్న సంతోషం కదలడం గమనించింది. అది సాయిబాబు గురించి కాదు. రేమండ్ మీద గెలిచినందుకు. దాన్ని చూసీ చూడనట్టు వదిలేసింది.

*

బుధవారం సాయంత్రం ఆరింటికి జురాంగ్ ఈస్ట్‌లో ట్రైన్ ఎక్కింది. ఈ దేశపు పండగ నేషనల్ డే దగ్గర పడుతోంది. ఫ్లాట్ల వరండాల నుంచి ఎర్ర తెల్ల జెండాలు వేలాడుతున్నాయి. కాంట్రాక్టు కూలీల డార్మిటరీ ఉన్న క్రాంజీ దాకా నిలబడే ప్రయాణం. నిలబడి, సాయిబాబుతో ఏం చెప్పాలో వాక్యాలు పేర్చుకుంది. నువ్వు తియ్యలేదని నాకు తెలుసు. రుజువుంది. శుక్రవారం నేను చెబుతాను, నువ్వు భయపడకు. ఆ మాటలకు అతని ముఖం ఎలా మారుతుందో కూడా చూసుకుంది. మనిషి తను చెయ్యబోయే మంచిపనికి ముందుగానే కృతజ్ఞతలు వసూలు చేసుకుంటాడు, ఆ ఒక్క విషయంలో ఎవరూ ఆలస్యం చెయ్యరు. ఆ ఆలోచన వచ్చి నవ్వుకుంది. నవ్వుకున్నందుకు మళ్ళీ తన మీద తనకు కొంచెం మెచ్చుకోలు కలిగింది.

స్టేషన్ నుంచి బస్సు. దిగిన చోట నుంచి లారీలు తిరిగే మట్టి బాట. డార్మిటరీ గేటు దగ్గర కాపలా వాడు ఆమె ఆఫీసు కార్డు చూసి, ఆడవాళ్ళు లోపలికి వెళ్ళకూడదని చెప్పి, సాయిబాబుకి కబురు పంపాడు. గోడ పక్కన ఆరుబయట వంటలు జరుగుతున్నాయి. వరసగా గ్యాసు పొయ్యిలు, వరసగా లుంగీలు. ఎవరో పప్పు పోపు పెడుతున్నారు.

సాయిబాబు ఒక పెద్దాయనతో కలిసి వచ్చాడు. పెద్దాయన తన పేరు అప్పయ్య అని చెప్పుకుని, ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేసి, టీ తాగుతారా తల్లీ అని అడిగాడు. సాయిబాబు నిలబడే ఉన్నాడు. రెండు రోజులుగా పనిలోకి తీసుకెళ్ళడం లేదట. పొద్దున్నే లారీ అందరినీ ఎక్కించుకుపోతే, అతనొక్కడూ గదిలో మిగులుతున్నాడు.

తార పేర్చుకున్న మాటలు చెప్పింది. గడియారం సంగతి, పంతొమ్మిది నిమిషాల సంగతి వివరించింది. అప్పయ్య మధ్యలో ఊఁ కొడుతున్నాడు. సాయిబాబు ముఖంలో ఆమె ట్రైన్‌లో చూసుకున్నదేదీ కనబడలేదు.

"దానికి గడియారం ఎందుకండి?" అన్నాడు చివరికి. "నాను తియ్యనేదని మీకు తెలదా?"

"తెలుసు. అందుకే కదా వచ్చింది."

"అది కాదు. నాను బయటకొచ్చి, మెట్ల కాడ కూకుని తీగలు సుట్టుకుంటన్నాను. మీరే ఎల్లినారు లోనికి. సేతిలో కాఫీ సంచి కూడా ఉంది."

తార అతని వైపు చూసింది. తను ఆ మధ్యాహ్నం సర్వర్ గదికి వెళ్ళలేదని చెప్పింది. కేబుల్ ఊడిందని తెలిశాక వెళ్ళింది, అంతే. కాఫీ తాగింది పాంట్రీలో, ఆఫీసు వాళ్ళు టీలు తాగే చిన్న గదిలో. నీలం కుర్చీలో కూర్చుని, కిటికీలోంచి జెండాలు చూస్తూ.

"అలాగేనండి" అన్నాడతను.

"నేనెందుకు అబద్ధం చెబుతాను? నీ కోసం ఇంత దూరం వచ్చాను."

"నాను రమ్మన్నానేటి?"

అప్పయ్య అతని మోచెయ్యి పట్టుకున్నాడు. మేడమ్‌గారితో ఆ మాటలేటిరా, సాయం సెయ్యనానికొచ్చినారు, అన్నాడు. సాయిబాబు చెయ్యి విడిపించుకున్నాడు.

"ఈ మాట ఆరోజే మా సూపర్‌వైజరుకి సెప్పినాను మామా. మేడమ్ ఎల్లింది సార్, మేడమ్ ఎల్లింది సార్ అని మూడుసార్లు సెప్పినాను. ఆడు నవ్వినాడు. మేడమ్ మీద సెప్తావేటిరా అని. రాసుకోనేదు. ఆ కాయితం మీద మాత్రం సంతకం పెట్టమన్నాడు. నాను సచ్చినా పెట్టను. ఇమానం ఎక్కిస్తే ఎక్కించుకోమనండి. సంతకం నేకుండా ఎల్తాను."

టీ వచ్చింది. తార తాగలేదు. తిరుగు ప్రయాణమంతా కోపంతో ఉంది. అతని అకృతజ్ఞత మీద కోపం అనుకుంది. కానీ ఆ కోపం అడుగున ఏదో చిన్నది, గట్టిది తగులుతోంది. బియ్యంలో రాయిలా. చౌచూకాంగ్ స్టేషను దాటాక ఆమెకు ఒక సంగతి తట్టింది. నీలం కుర్చీలో కూర్చుని జెండాలు చూసినప్పుడు వర్షం పడుతోంది. వర్షం పడింది శుక్రవారం. సోమవారం ఎండ కాసింది.

*

గురువారం ఉదయం బిల్డింగ్ సెక్యూరిటీ గదికి వెళ్ళింది. తలుపు రికార్డు సోమవారం మధ్యాహ్నానిది మొత్తం కావాలని అడిగింది. అక్కడి కాపలా పెద్దాయన, మలయ్ అంకుల్, మీ బాస్ అప్పుడే తీసుకెళ్ళాడు కదా అన్నాడు. రేమండ్ మూడు గంటల లోపువే తీయించుకున్నాడు. తార ఆరింటి దాకా అడిగింది. చుక్కల ప్రింటరు గీరుకుంటూ ఒక్కో పంక్తీ దింపింది. తలుపు రికార్డు టైమును టెలిఫోన్ వాళ్ళ టైముతో రోజూ సరిచూసుకుంటామని అంకుల్ గర్వంగా చెప్పాడు.

సాయిబాబు కార్డు బయటికి, రెండు యాభై రెండు. దాని కింది పంక్తిలో ఇంకో కార్డు. లోపలికి మూడు గంటలకి, బయటికి మూడు గంటల మూడు నిమిషాలకి. ఆ కార్డు నంబరు ఆమెకు చూడకుండానే వచ్చు. ఆ కార్డు మెడలో వేలాడుతూ, ఆమె వంగినందుకు ఆ కాగితాన్నే తాకుతోంది.

జ్ఞాపకం పెద్ద వెలుగుతో రాలేదు. చేతి వేళ్ళలోంచి వచ్చింది. కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటరులో కొన్న కోపీ, ఇక్కడి కాఫీ. ఐసు వేసినది, ప్లాస్టిక్ సంచిలో, మూతికి ఎర్రటి తాడు. తాడు వేళ్ళను కోస్తోంది. సర్వర్ గదిలోకి తాగేవి తీసుకెళ్ళకూడదన్న నోటీసు రాసి అంటించింది ఆమే. ఒక్క నిమిషమే కదా అనుకుంది. మైనా వెనక కొత్త కేబుల్ మీద సాయిబాబు అంటించిన చీటీ నంబరు చూసుకోవాలి, రాసుకోవడానికి రెండు చేతులూ కావాలి. సంచిని దేనికో తగిలించింది. ర్యాక్ వెనక చేతికందేవి రెండే, ఇనుప చట్రం, కేబుళ్ళ కట్ట. చట్రానికి కొక్కెం లేదు. తాడును కేబుళ్ళ కట్టకు తగిలించింది. నంబరు రాసుకుంది. సంచిని లాగి తీసుకుంది. తాడు ఎక్కడో పట్టుకుంటే ఇంకాస్త లాగింది. మైనా కేబుల్ ప్లగ్గుకి పట్టి ఉంచే చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగిపోయి మూడు నెలలయింది. మార్చాలని అదీ జాబితాలో ఉంది.

ఆ తర్వాత అరగంట పైగా ఆమె ఎంతో శ్రద్ధగా లోపం కోసం వెతికింది. రూటింగు చూసింది, ఫైర్‌వాల్ నియమాలు ఒక్కొక్కటీ చదివింది, ప్యాకెట్లు ఎక్కడిదాకా వస్తున్నాయో పట్టి చూసింది. పాఠాల్లో మొదట చూడమని చెప్పేది కేబుల్. ఆమె దాన్ని అన్నిటికంటే చివర చూసింది. మనసు తలుపు రికార్డులాంటిది కాదు. తనకు పనికిరాని రాకపోకలను అది అసలు రాసుకోదు.

అంకుల్ మంచినీళ్ళు కావాలా అని అడిగాడు. వద్దంది.

ఆ కాగితం రేమండ్‌కు చూపించింది. దాచడం ఆమెకు తోచలేదు, అది ధైర్యమో అలవాటో తెలియదు. లాగ్ దాచిపెట్టే అడ్మినిస్ట్రేటరు ఇంక దేనికీ పనికిరాడు. రేమండ్ చాలాసేపు చదివాడు. చదవవలసింది రెండు పంక్తులే.

అతనికి కోపం రాలేదు. అదే కష్టమనిపించింది. తలుపు మూసి వచ్చి మెల్లగా మాట్లాడాడు. సెప్టెంబరులో ఆమె ఎంప్లాయ్‌మెంట్ పాస్, ఇక్కడ ఉద్యోగం చేసే అనుమతి, రెన్యువలుకి వస్తుంది. ఈ కాగితం ఫైల్లోకి ఎక్కితే తను ఏ ముఖంతో సిఫారసు రాస్తాడు? రేపు మీటింగులో ఎవరూ గడియారాల ఊసెత్తరు. ఆ కుర్రవాడు ఏదో గొణుగుతాడు, అతను క్షమించమంటున్నాడని ఆమె చెబితే చాలు. క్షమాపణ చెప్పాడు కనక ఇండియా పంపొద్దని, వేరే సైటులో పెట్టుకోమని తనే కాంట్రాక్టరును అడుగుతాడు. వాడి ఉద్యోగమూ ఉంటుంది, ఆమె ఉద్యోగమూ ఉంటుంది.

"అతనేమంటున్నాడో నీకు తప్ప ఆ గదిలో ఎవరికీ తెలియదు తారా" అన్నాడు.

ఆ రాత్రి వండుకోలేదు. అద్దె గదిలో మంచం మీద కూర్చుని, రేమండ్ చెప్పిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎటు తిప్పినా అది చక్కగానే ఉంది. సాయిబాబు శనివారం విమానం ఎక్కడు. అదేగా కావలసింది. తను క్రాంజీ వెళ్ళింది అందుకేగా. ఒక్క సంతకం, ఒక్క క్షమాపణ, అదీ అతనికి అర్థం కాని భాషలో. అతనికి తెలియనే తెలియదు. ఆ చివరి మాట దగ్గర ప్రతిసారీ ఆగిపోయింది.

*

శుక్రవారం పదింటికి చిన్న మీటింగు గదిలో అయిదుగురు కూర్చున్నారు. బుకింగ్ కంపెనీ నుంచి వచ్చిన మిస్ ఓంగ్, నలభై ఏళ్ళ ఆవిడ, పొట్టి జుట్టు, ముందు ఒక నోటుపుస్తకం. రేమండ్. కాంట్రాక్టరు తరఫున సూపర్‌వైజరు, అతని ముందు ఆ ఉత్తరం, దాని మీద అడ్డంగా పెన్ను. బల్ల కొసన సాయిబాబు, ఉతికిన చొక్కా మెడ దాకా బొత్తాలు పెట్టుకుని. అతని పక్కన తార. ఏసీ గట్టిగా ఉంది. సాయిబాబు చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడను చూస్తున్నాడు.

తను అరవడానికి రాలేదనీ, సోమవారం ఏం జరిగిందో తెలుసుకోవడానికి వచ్చాననీ మిస్ ఓంగ్ చెప్పింది. ముందు అతని మాట వింటానంది. తార ఆ మాట తెలుగులో చెప్పింది.

సాయిబాబు తార వైపు తిరిగాడు.

"నాను సెప్పింది సెప్పినట్టు సెప్తారా?"

"చెబుతాను."

"మీరు సెప్తారని నాకు నమ్మకం నేదు. ముందు ఆ ముక్క సెప్పండి ఆల్లకి."

తార బల్ల మీద చేతులు పెట్టింది. రేమండ్ ఆమెనే చూస్తున్నాడు, కళ్ళతో దాదాపు బతిమాలుతున్నాడు. గదిలో ఒక్క క్షణం ఆమె ఏ భాషలోనూ లేదు. తర్వాత ఇంగ్లీషులో చెప్పింది. తను చెప్పింది చెప్పినట్టు నేను చెబుతానని ఇతనికి నమ్మకం లేదట. ముందు ఈ మాట మీకు చెప్పమన్నాడు.

మిస్ ఓంగ్ పెన్ను ఎత్తింది. రేమండ్ నవ్వడానికి ప్రయత్నించాడు.

"సారాంశం చెప్పు తారా, చాలు."

"సారాంశం కాదు" అంది తార. "మొత్తం చెబుతాను."

సాయిబాబుకు ఆ మాటలు తెలియకపోయినా ఏదో తెలిసింది. ఒళ్ళోంచి చేతులు పైకి తీశాడు. తను రెండున్నరప్పుడు లోపలికెళ్ళి ఆరు కేబుళ్ళు లాగానన్నాడు. పాతవి ముట్టుకోలేదు. ముట్టుకోవద్దని మొదటి రోజే చెప్పారు, తను మతి లేనివాడు కాదు. పని అయ్యాక మెట్ల దగ్గర కూర్చున్నాడు. అప్పుడొక మనిషి లోపలికి వెళ్ళడం చూశాడు. ఆ సంగతి ఆరోజే చెబితే, ఈ కూర్చున్న సూపర్‌వైజరు పళ్ళికిలించాడు. ఒక్కో వాక్యం తర్వాత ఆగాడు. ఒక్కో వాక్యాన్నీ తార ఇంగ్లీషులోకి మార్చింది. పళ్ళికిలించాడన్న దానికి సరిపోయే మాట కోసం ఒక నిమిషం వెతికి మరీ చెప్పింది. సూపర్‌వైజరు ముఖం ఎర్రబడింది.

"ఎల్లిన మడిసి సదూకున్న మడిసి. కాఫీ సంచి ఏలికి తగిలించుకుని ఎల్లింది. మొన్న మా కాడికొచ్చి, నీకు సాయం సేస్తానంది. తను ఎల్లనేదని నా మొకం మీదే సెప్పింది. అలాటోల్లు అబద్దం ఆడినట్టు కూడా ఆల్లకి తెలదు. అంత సుఖం ఆల్లకి. సెప్పండి."

తార చెప్పింది. చదువుకున్న మనిషి అని చెప్పింది. అబద్ధం ఆడుతున్నట్టు కూడా ఆ మనిషికి తెలియదని చెప్పింది. సుఖం అన్న మాటను ఒకసారి ఒక రకంగా చెప్పి, సరిపోలేదని ఇంకో రకంగా చెప్పింది. చెబుతున్నప్పుడు గొంతు మంగళవారం ఉన్నంత నిలకడగా లేదు. అది ఆమెకు నచ్చలేదు కూడా. అయినా ఆపలేదు.

మిస్ ఓంగ్ రాసుకోవడం ఆపింది. ఆ మనిషి ఎవరో ఇతనికి తెలుసా అని అడిగింది.

"అడగక్కర్లేదు" అంది తార. "నేనే."

బ్యాగులోంచి మూడు కాగితాలు తీసి బల్ల మధ్యకు తోసింది. తలుపు రికార్డు. రెండు లాగ్‌ల పంక్తులు. 1144 సెకన్ల తేడా ఉన్న పంక్తి. గడియారాలు ఏడు నెలలుగా తప్పుగా ఉన్నాయనీ, ఆ పని తనదేననీ, కేబుల్ ఊడినప్పుడు ఇతను గదిలో లేడనీ, కాఫీ సంచిని కేబుళ్ళకు తగిలించి లాగింది తనేననీ చెప్పింది. క్షమించమని అడగలేదు. సంతకం చెయ్యమన్న రిపోర్టు మీద సంతకం చెయ్యననీ, కొత్తది రాసి తెచ్చాననీ, దాని మీద చేశాననీ చెప్పింది.

రేమండ్ అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తుడవలేదు. మిస్ ఓంగ్ కాగితాలను దగ్గరకు లాక్కుని, వేలితో పంక్తుల వెంట నెమ్మదిగా పోయింది. ఒకచోట ఆగి, పంతొమ్మిది నిమిషాలా అని తనలో తను అనుకుంది. దాని గురించి రేమండ్‌తో విడిగా చాలా మాట్లాడాల్సి ఉంటుందని చెప్పింది. తర్వాత సూపర్‌వైజరు ముందున్న ఉత్తరం వైపు చూసి, అది ఇంక అవసరం లేదనీ, తమ ఫిర్యాదులోంచి ఇతని పేరు తీసేస్తున్నామనీ, శనివారం టిక్కెట్టు రద్దు చేసినట్టు మధ్యాహ్నంలోగా తనకు కాగితం పంపమనీ చెప్పింది. సూపర్‌వైజరు ఉత్తరాన్ని రెండుగా మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు.

సాయిబాబు ఒకరి తర్వాత ఒకరిని చూస్తున్నాడు. ఉత్తరం ఫైల్లోకి పోవడం చూశాడు. ఎవరూ అతనికి ఏమీ చెప్పలేదు.

"ఏటన్నారు మీరు?" అని అడిగాడు తారను. "ఆల్లతో ఏటన్నారు?"

ఇంగ్లీషులో ఆ మాట ఒక రిపోర్టులో పంక్తిలా వచ్చేసింది. ఇప్పుడదే మాటను తెనాలిలో మాట్లాడినట్టు మాట్లాడాలి. తార తన కుర్చీని అతని వైపు తిప్పుకుంది.

"నేనే తీశానని చెప్పాను" అంది. "మీరు చెప్పింది నిజమని చెప్పాను. మొన్న మీ దగ్గరికొచ్చి వెళ్ళలేదన్నాను కదా, అది తప్పు. వెళ్ళాను. మీరు ఇక్కడే ఉంటారు, టిక్కెట్టు రద్దయింది."

అతను విన్నాడు. ముఖంలో ఏమీ కదల్లేదు. చొక్కా పైబొత్తాం తీసి, మెడ దగ్గర ఒకసారి రుద్దుకున్నాడు.

"మరి నాలుగు దినాలు నన్ను దొంగోడిలా గదిలో కూకోబెట్టినారు" అన్నాడు. "ఆ ముక్క ఎవులు సెప్తారు?"

రేమండ్ కాగితాలు సర్దుకుంటూ లేచాడు. మిస్ ఓంగ్ నోటుపుస్తకం మూసింది.

"ఒక్క నిమిషం, కూర్చోండి" అంది తార ఇంగ్లీషులో. "ఇతను చెప్పడం ఇంకా అయిపోలేదు."